తప్పు చెప్పినవాళ్లకే టీ

8 మార్చి 2026, ఆదివారం

రెండో ఆదివారం. గ్రంథాలయం మేడ మీది గది. పదిన్నరకి మొదలవాల్సింది, పది ముప్ఫై నాలుగుకి మొదలైంది. గున్నేశ్వరరావు గారి కొబ్బరి కొట్టు ముందు లారీ అడ్డం పడిందట. ఆయన కోసం ఆగవద్దన్నాను. అయినా ఆగారు. హాజరు తొమ్మిది.

మొదట, ఈ నెల తప్పులు. ఈ సంఘం పెట్టిన రోజే నేను పెట్టిన నియమం అది. ఏ కంప్యూటరు భాష గురించి గొప్ప చెప్పదలుచుకున్నా, ముందు ఈ నెలలో తాను రాసినదాంట్లో చేసిన తప్పేంటో నిలబడి చెప్పాలి. నేను రిజిస్టరులో పేరుతో సహా రాస్తాను. తప్పు చెప్పినవాళ్లకే టీ. పాలకొల్లులో ప్రోగ్రాములు సరదాకి రాసేవాళ్లు తొమ్మిది మందే అయినా, ఆరేళ్ల నాలుగు నెలలుగా సంఘం నిలిచిందంటే ఆ నియమం వల్లే.

ఇన్నేళ్లలో నేను అక్కడ ఒక్క గ్లాసు టీ తాగలేదు. నాకు అలవాటు లేదని అందరూ అనుకుంటారు. ఇంట్లో రోజుకి రెండుసార్లు తాగుతాను. చెప్పడానికి తప్పు ఉండాలి కదా.

ఇవాళ జయంత్ లిస్ప్ భాష చూపించాడు. కొత్త భాష ఏది నేర్చినా తద్దినాల తేదీలు చెప్పే మా తిథి ప్రోగ్రాము అందులో రాసి చూపించడం మా పద్ధతి. తెర నిండా బ్రాకెట్లు.

"ఏంటి బాబూ ఇది, మా కొట్లో కొబ్బరి చిప్పలు ఎండబెట్టినట్టుంది!" అన్నారు గున్నేశ్వరరావు గారు.

"ఎండితేనే కదండీ నూనె వచ్చేది" అన్నాడు జయంత్.

బాగా రాస్తాడు. పగలంతా కేబుల్ నెట్ ఆఫీసు పని మీద స్తంభాలెక్కి వైర్లు కడతాడు. రాయడంలోనే తొందర ఎక్కువ.

20 మార్చి, శుక్రవారం

నిన్న ఉగాది. కొత్త ఏడాదికి తిథి సరిచూశాను. అందులో ముప్ఫై రెండు ఇళ్లవాళ్ల పెద్దల తిథులున్నాయి. తద్దినానికి వారం ముందు వాళ్ల ఫోన్లకి మెసేజ్ వెళ్తుంది. మొదటి పేరు మా వారిది. ఆయన కోసమే రాయడం మొదలుపెట్టాను.

ఈ ఏడు అధిక జ్యేష్ఠం ఉంది. మే 17 నుంచి జూన్ 15. అధిక మాసాన్ని దాటించి నిజ మాసం తేదీ చూపించే నాలుగు లైన్లు పరీక్షించాను. సరిగా ఉన్నాయి.

సంఘంలో ఎవరు ఏం మార్చినా ముందు నేను చూస్తాను. నేను మార్చినది చూసేవాళ్లు ఎవరూ లేరు. అవసరం పడలేదు.

2 ఏప్రిల్, గురువారం

పాలు పొంగిపోయాయి. కోడలు సూర్యకళ స్టవ్ పెద్దది చేసి వెళ్లినట్టుంది. తనకి చెప్పలేదు. చెబితే ఆ స్టవ్ దగ్గర ఉన్నది మీరే కదండీ అంటుంది.

20 ఏప్రిల్, సోమవారం

పొద్దున్నే లేచి తిథి తెరిచాను. పనికిరాని లైన్లు నాలుగు కనిపించాయి. ఎవరు పెట్టారో ఏంటో. తీసేశాను. ఇల్లు ఊడ్చినట్టు హాయిగా ఉంది.

27 ఏప్రిల్, సోమవారం

మా చెల్లెలి పుట్టినరోజు. ఇంట్లో దాన్ని చిన్నమ్మాయి అంటాం. రాజమండ్రికి ఫోన్ చేశాను. పదకొండు నిమిషాలు మాట్లాడాను. మోకాళ్ల నొప్పి తగ్గిందంది.

28 ఏప్రిల్, మంగళవారం

ఇవాళ చిన్నమ్మాయి పుట్టినరోజు. ఫోన్ చేశాను. "అక్కా, నువ్వు బాగానే ఉన్నావా?" అంది. నాకేమైంది. మోకాళ్ల నొప్పి తనకి.

10 మే, ఆదివారం

రెండో ఆదివారం. ఎండకి గది కాగిపోయింది. హాజరు ఎనిమిది. హాజరు రెండుసార్లు పిలిచానట. మనవరాలు హరిచందన నా చెయ్యి పట్టుకుని "అయిపోయింది మామ్మా" అంది. వాళ్లు గోల చేయకుండా ఉంటే ఒకసారితో సరిపోయేది.

జయంత్ తప్పు: మే 3న తిథి మెసేజ్ మాటలు అందంగా మారుస్తూ పేర్ల పక్కన గారు ఎగరగొట్టాడు.

"వయసుకి పెద్దవాణ్ణి, నాకే గారు తీసేశాడండీ వీడు!" అన్నారు గున్నేశ్వరరావు గారు. అందరూ నవ్వారు. మళ్లీ పెట్టేశానండీ అన్నాడు. టీ తాగాడు.

సమావేశం అయ్యాక మెట్ల దగ్గర ఆగాడు. విశాఖపట్నంలో ఒక కంపెనీలో జూన్ 22న ఇంటర్వ్యూ ఉందట. తనతో కలిసి పనిచేసిన పెద్దవాళ్ల దగ్గర ఉత్తరం తెమ్మన్నారట.

"మీరు రాస్తే చాలండీ టీచర్ గారూ. మీరు ఊరికే రాయరని అందరికీ తెలుసు కదండీ."

రాస్తానన్నాను. ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. ఎవరికీ అరమార్కు ఊరికే వేయలేదు. ఇతనికి రాయొచ్చు.

27 మే, బుధవారం

పదకొండు గంటలకి గున్నేశ్వరరావు గారు, ఆయన అక్కగారు దేవకుమారి వచ్చారు. ఆవిడ కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మీ కంప్యూటరు మెసేజ్ పెట్టిందని నిన్న అధిక మాసంలో మా అమ్మకి తద్దినం పెట్టించాడండీ మా తమ్ముడు! పంతులు గారు వచ్చి పీట మీద కూర్చోబోతూ, 'ఇది అధికం కదమ్మా, మీ ఇంటి ఆచారం నిజ జ్యేష్ఠంలోనే కదా' అన్నారు. అప్పటికి గారెలు వేసేశాం. నరసాపురం నుంచి మా పిన్నమ్మగారు వచ్చి కూర్చున్నారు. ఏం చెయ్యమంటారు?"

"అక్కా, ఊరుకో."

"నువ్వు ఊరుకో! ఇంట్లో పంచాంగం లేదా? మేకుకి వేలాడుతూనే ఉంది!"

"ఆరేళ్ల నుంచి టీచర్ గారి మెసేజ్ చూసే చేస్తున్నానక్కా. ఒక్కసారి తప్పలేదు. ఇంక పంచాంగం ఎందుకు చూస్తాను?"

ఆ మాట ఆవిడ తిట్టిన తిట్ల కన్నా ఎక్కువ తగిలింది.

వాళ్లు వెళ్లాక చూశాను. ఆ నాలుగు లైన్లు లేవు. మార్చిలో నా చేత్తో పరీక్షించినవి. జ్యేష్ఠ మాసం తిథులున్న ఇళ్లు మొత్తం ఏడు. మిగిలిన ఆరు ఇళ్లకి నేనే ఫోన్ చేసి చెప్పాను. లైన్లు మళ్లీ రాశాను.

మే 3న ఆ ఫైలు ముట్టుకున్నది జయంత్. గారు తీసేసి నా కంట పడకుండా దాటించినవాడు నాలుగు లైన్లు తీయడా. ఎవరు ఎప్పుడు ఏ లైను మార్చారో పేరుతో సహా కంప్యూటరులో చరిత్ర ఉంటుంది. చూడక్కర్లేదు. తెలిసిందే.

14 జూన్, ఆదివారం

రెండో ఆదివారం. హాజరు తొమ్మిది. సరిగ్గా పదిన్నర.

జయంత్ వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"ఈ నెల నీ తప్పు నేను చెబుతాను" అన్నాను. చెప్పాను. నాలుగు లైన్లు, ఒక తల్లి తద్దినం, పధ్నాలుగు మంది చుట్టాలు. తీసినవాడు తీసినట్టు చెప్పకపోవడం తీయడం కన్నా పెద్ద తప్పు అన్నాను. నా గొంతు క్లాసులో ఉండేలాగే ఉంది. వణకలేదు.

అతను నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూశాడు.

హరిచందన లేచింది. "అన్నయ్యా, నువ్వు..."

"హరీ, కూర్చో" అన్నాడు. తర్వాత నాతో, "సరేనండీ టీచర్ గారూ. నా పేరే రాసుకోండి" అన్నాడు.

రాశాను.

గున్నేశ్వరరావు గారు "పోనీలెండి టీచర్ గారండీ. మా అమ్మకి ఈ ఏడు రెండుసార్లు గారెలు" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా.

ఉత్తరం సంగతి అక్కడే తేల్చేశాను. నమ్మదగినవాడు అని నా చేత్తో రాయలేను అన్నాను. అప్పటికే అరపేజీ రాసి ఉంచాను, ఇంటికొచ్చి చించేశాను.

అతను తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి టీకి అర్హుడే. తాగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

హరిచందన దారంతా నాతో మాట్లాడలేదు. పదిహేడేళ్ల పిల్లకి న్యాయం ఎలా తెలుస్తుంది.

17 జూన్, బుధవారం

కాలవకి నీళ్లు వదిలారు. ముందు చెత్త కొట్టుకొచ్చింది.

రిజిస్టరులో జయంత్ తప్పు ఎదురుగా తేదీ, సమయం ఖాళీగా ఉన్నాయి. ఆ రెండు గళ్లు ఖాళీగా వదలడం నా పద్ధతి కాదు. చరిత్ర తెరిచి ఆ నాలుగు లైన్లు ఎవరు తీశారో అడిగాను.

20 ఏప్రిల్ 2026. ఉదయం 5:48. వెంకటరత్నం.

కింద తీసినవాళ్ల వివరణ: "ఈ ఏడు అధిక మాసం లేదు. పనికిరాని లైన్లు తీసేశాను."

నా పేరు ఎవరో వాడారు.

18 జూన్, గురువారం

నా లాప్‌టాప్ ఎవరు ముట్టుకున్నారని ఇంట్లో అందరినీ అడిగాను. కొడుకు మురళీకృష్ణ నవ్వాడు. సూర్యకళ నవ్వలేదు.

"దాని మీద దుమ్ము తుడవడానికి కూడా మీరు ఒప్పుకోరు కదండీ అత్తయ్యా" అంది.

హరిచందనని విడిగా పిలిచి అడిగాను. నా పాస్‌వర్డు నీకు తెలుసా అని.

"తెలియదు మామ్మా." కళ్లనిండా నీళ్లు. అబద్ధం చెప్పే పిల్ల కళ్లు కావు అవి. ముప్ఫై నాలుగేళ్లు ఆ కళ్లు చూశాను, ఆ తేడా నాకు తెలుసు.

జయంత్ చాలా తెలివైనవాడు. ఇంకొకరి పేరుతో రాయడం అతనికి తెలిసే ఉంటుంది.

19 జూన్, శుక్రవారం

ఏప్రిల్ 20న పొద్దున్న నేను ఎక్కడున్నానో రుజువు ఉండాలి కదా. ఈ డైరీ తీశాను.

ఏప్రిల్ 20 పేజీ. నా చేతిరాత. నీలం సిరా. ఇల్లు ఊడ్చినట్టు హాయిగా ఉంది అని రాసుకున్నాను.

ఎన్నిసార్లు చదివినా ఆ పొద్దుట గుర్తు రావడం లేదు. వేరే ఎవరో నా చేత్తో రాసినట్టుంది.

ఏప్రిల్ 27, 28 కూడా చదివాను. పాలు పొంగిన రోజు కూడా. మే 10, హాజరు రెండుసార్లు.

20 జూన్, శనివారం

ఉత్తరం రాశాను. ఒక పేజీ. నేను చూసినవాళ్లలో అత్యంత నమ్మదగినవాడు అని రాశాను. సంతకం పెట్టాను. కవరులో పెట్టాను.

ఇవ్వలేదు. ఇవ్వాలంటే కారణం చెప్పాలి. రేపు ఆదివారం, అతను ఇంట్లో ఉంటాడు. రేపు వెళ్తాను.

21 జూన్, ఆదివారం

వాన. ఎటూ వెళ్లలేదు.

22 జూన్, సోమవారం

జయంత్ ఇంటర్వ్యూ ఇవాళ. కవరు నా బల్ల సొరుగులోనే ఉంది.

నిన్న వాన పడలేదు. అలా ఎందుకు రాశానో నాకు తెలుసు. అది మరుపు కాదు. ఈ రెండూ ఒకటి కావని ఇక్కడ స్పష్టంగా రాసి ఉంచుతున్నాను. ముందు ముందు నేనే రెండూ కలిపేసి తప్పించుకోకుండా.

25 జూన్, గురువారం

నిజ జ్యేష్ఠ ఏకాదశి. గున్నేశ్వరరావు గారింట్లో అసలు తద్దినం. నన్ను పిలిచారు. పిలవకపోతే బాగుండునని అనుకుంటూ వెళ్లాను.

దేవకుమారి గారు తానే వడ్డించారు. "ఆ రోజు నోరు జారానండీ, మనసులో పెట్టుకోకండి" అన్నారు. గారె ఒక్కటి తిని, రెండోది వద్దన్నాను.

భోజనాలయ్యాక గున్నేశ్వరరావు గారిని అరుగు మీదికి పిలిచి, "ఆ లైన్లు తీసింది జయంత్ కాదండీ" అన్నాను. "నేను."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు.

"తెలుసండీ."

"ఎప్పటి నుంచి?"

"మే నెలలోనే జయంత్ కంప్యూటరులో ఆ చరిత్ర చూశాడండీ. మా అక్క మీ ఇంటికొచ్చి గొడవ చేసిన రోజు సాయంత్రమే మా కొట్టుకి వచ్చి నాకు చూపించాడు. హరిచందన పాపకీ, సంఘంలో మిగతా అందరికీ తెలుసు. మీకు చెబుదామంటే వద్దని పట్టుపట్టాడు."

"వద్దా? నేను అందరి ముందూ నిలబెట్టి అన్నేసి మాటలు అంటుంటే కూడానా?"

"చెబితే మీరింక ఆ మెట్లెక్కరన్నాడండీ. టీచర్ గారికి తప్పొప్పుకోవడం కష్టం కాదు, తప్పు గుర్తు లేకపోవడం కష్టం అన్నాడు. ఆయ్, అలాగే అన్నాడు."

ఆయనే మళ్లీ అన్నారు. "కుర్రాడి ఉద్యోగం సంగతి మాత్రం నేను గట్టిగా చెప్పి ఉండాల్సిందండీ. అక్కడ నాదీ తప్పే."

ఎనిమిది మందికి తెలుసు. నాకు తెలియకుండా ఎనిమిది మంది నా మార్కులు దిద్ది, ప్యాస్ చేసేశారు.

26 జూన్, శుక్రవారం

కవరు పట్టుకుని జయంత్ వాళ్లింటికి వెళ్లాను. స్తంభం మీద ఉన్నాడంటే ఆ వీధికే వెళ్లాను. నన్ను చూసి గబగబా దిగాడు.

"ఎండలో ఎందుకొచ్చారండీ, ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండీ."

కవరు ఇచ్చాను. ఆలస్యమైందని చెప్పాను. ఉద్యోగం రాలేదన్నాడు.

"ఉత్తరం లేదనేనా?"

"కాదండీ. అంతా ఇంగ్లీషులో అడిగారండీ. నాకు తడబాటు వచ్చేసింది."

నిజమో, మళ్లీ నన్ను కాపాడుతున్నాడో తెలియదు. రిజిస్టరులో రాయడానికి వీల్లేని లెక్క అది. కవరు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మడతపడకుండా చూసి మరీ పెట్టుకున్నాడు.

క్షమించమని ఇక్కడ వీధిలో అడగను, అన్నది అందరి ముందూ కాబట్టి అడగడం కూడా అక్కడే అన్నాను.

"అక్కర్లేదండీ."

"అక్కర నీకు కాదు" అన్నాను.

9 జులై, గురువారం

రాజమండ్రిలో డాక్టరు. మురళీకృష్ణ, హరిచందన వచ్చారు. చిన్నమ్మాయి ముందే ఆసుపత్రి దగ్గర నిలబడి ఉంది.

వందలోంచి ఏడు తీసుకుంటూ రమ్మన్నారు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది. రెండు దాకా వెళ్లాను, ఆయన చాలన్నా ఆగలేదు. ఒక్కటి తప్పలేదు.

మొదట్లో మూడు మాటలు చెప్పి గుర్తు పెట్టుకోమన్నారు. చివర అడిగితే ఒక్కటి చెప్పగలిగాను. పడవ. మిగతా రెండూ హరిచందనకి తెలుసు. చెప్పబోతే వద్దన్నాను.

మరుపు జబ్బుకి ఇది మొదలంటున్నారు. మందులు రాశారు. మెల్లగా సాగేలా చూడొచ్చు, ఆపలేమన్నారు. ఎన్నాళ్లు అని అడిగాను. చెప్పలేమన్నారు. చెప్పలేనప్పుడు చెప్పలేమన్నందుకు ఆ డాక్టరు మీద గౌరవం కలిగింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో హరిచందన నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. చిన్నప్పటి నుంచీ దాన్ని ముద్దు చెయ్యలేదు నేను. ఇవాళ వంతెన దాటేదాకా దాని తల నిమురుతూనే ఉన్నాను. ఇది రాసి ఉంచాలి.

12 జులై, ఆదివారం

రెండో ఆదివారం. హాజరు తొమ్మిది. ఒకసారే పిలిచాను. పక్కన హరిచందన పేర్ల మీద వేలు పెట్టి చూపించింది. పెట్టనిచ్చాను.

నెల తప్పులు మొదలవగానే నేను లేచాను. లేచాక ఏం చెప్పాలో కాగితం మీద ఉంది. కాగితం చూసే చదివాను.

"ఏప్రిల్ 20న ఉదయం 5:48కి తిథిలో అధిక మాసం లైన్లు నాలుగు తీసింది నేను. దానివల్ల గున్నేశ్వరరావు గారి ఇంట్లో తద్దినం తప్పు రోజున జరిగింది. ఇది మొదటి తప్పు. నాకు గుర్తు లేదు. చరిత్ర చూడకుండా, తెలిసిందే అనుకుని, జయంత్ మీద వేశాను. అది రెండో తప్పు. అది నాకు బాగా గుర్తుంది. జూన్ 19న నిజం తెలిసి కూడా ఉత్తరం ఇవ్వకుండా సొరుగులో పెట్టుకున్నాను. అది మూడోది. అన్నిటికన్నా పెద్దది. జయంత్, నన్ను క్షమించు బాబూ."

జయంత్ తల వంచుకున్నాడు. నేను దండం పెట్టబోతే నా చేతులు పట్టుకుని ఆపాడు.

రిజిస్టరులో జూన్ నెల పేజీ తెరిచాను. అతని పేరు మీద ఒక్క గీత గీశాను. కింద ఏముందో కనబడేలా. మా దగ్గర చెరపడం అనేది లేదు, కొట్టివేత మాత్రమే. పక్కన నా పేరు, తేదీ, సమయం రాశాను. ఖాళీ గళ్లు రెండూ నిండాయి.

ఇక నుంచి నేను ఏ మార్పు చేసినా ముందు జయంత్ చూస్తాడు, అతను ఒప్పుకుంటేనే తిథిలోకి వెళ్తుంది అని నియమం రాశాను. తొమ్మిది మంది సంతకాలు చేశారు.

"మరి వీడు రాసింది ఎవరు చూస్తారండీ? మళ్లీ నా గారు తీసేస్తాడు!" అన్నారు గున్నేశ్వరరావు గారు.

"ప్రస్తుతానికి నేనే చూస్తాను" అన్నాను. ఈసారి నవ్వారు.

తర్వాత మిగతావాళ్ల తప్పులు రాశాను. ఐదు. అందులో రెండు చాలా చిన్నవి, అయినా రాశాను.

టీ వచ్చింది. జయంత్ పళ్లెం నా ముందు ఆపాడు. గ్లాసు తీసుకున్నాను. ఆరేళ్ల ఎనిమిది నెలల్లో మొదటిది. చక్కెర మరీ ఎక్కువ. అంతా తాగాను.

వచ్చే నెల నాకు చక్కెర తక్కువ వేయమని చెప్పాలి. మర్చిపోకుండా ఇక్కడ రాశాను.